మైలవరంలో వాన పడితే

ఆయన ఫోటోకి కూడా శాలువా కప్పారు.

బెజవాడ గవర్నర్‌పేటలో ఆ సంతాప సభ జరిగిన హాలు రెండో అంతస్తులో ఉంది. బయట శ్రావణమాసపు ఉక్క, చొక్కా వీపుకి అతుక్కుపోతోంది. లోపల ఏసీ ఎంత చల్లగా పెట్టారంటే, ముందు వరసలో ఒక పెద్దాయన సంచిలోంచి మఫ్లర్ తీసి చెవులకి చుట్టుకున్నారు. వేదిక మీద మాస్టారి ఫోటో, దానికి గులాబీల దండ, దండ మీద జరీ అంచు శాలువా. వెనకాల ఫ్లెక్సీ మీద ‘ప్రముఖ వాతావరణ శాస్త్రవేత్తకు అశ్రునివాళి’ అని రాసి ఉంది. దాని కింద, ఆయన పేరు కన్నా పెద్ద అక్షరాల్లో, సభ ఏర్పాటు చేసిన వెంచర్ యజమాని పేరు. గుమ్మం పక్కన బల్ల వేసి రంగురంగుల బ్రోచర్లు పేర్చారు. టై కట్టుకున్న మేనేజరు ఒకాయన, సంతాపం చెప్పడానికి వచ్చిన ప్రతి మనిషికీ మంచినీళ్ళ సీసాతో పాటు ఒక బ్రోచర్ చేతిలో పెడుతున్నాడు.

నాకు ఒళ్ళు మండిపోయింది. మనిషి పోయి రెండు వారాలు కాలేదు.

యజమాని మైకు అందుకున్నాడు. “మాస్టారు లేరంటే నమ్మలేకపోతున్నానండీ. ఆయన నాకు తండ్రి లాంటివారు. మా మొదటి వెంచర్లో మొదటి మొక్క నాటింది ఆయన చేతుల మీదుగానే. అందుకని ఈ సభాముఖంగా చెప్తున్నానండీ, మా ఫేజ్ టూకి మాస్టారి పేరే పెడుతున్నాం. గేటు మీద బంగారు అక్షరాలతో!”

చప్పట్లు మోగిపోయాయి. సంతాప సభలో చప్పట్లు కొట్టే ఊరు మాది.

ఆ గేటు మీద ఆ పేరు పడితే ఏమవుతుందో చివరి రెండు వరసల్లో కూర్చున్నవాళ్ళకి బాగా తెలుసు. ఆ పేరు చూసి ఇంకొంతమంది అక్కడ స్థలం కొంటారు, ఇల్లు కడతారు, నీళ్ళలో మునుగుతారు. ఆ చివరి వరసలవాళ్ళూ మొదటి ఫేజులో అలా కొన్నవాళ్ళే. మొదటి వరసలో ఆయన భార్య తల వంచుకుని కూర్చుని ఉన్నారు. ఆవిడ చప్పట్లు కొట్టలేదు.

ఆయన పేరు నేను ఇక్కడ రాయను. ఆ పేరుతో ఇప్పటికే చాలామంది పని జరుపుకున్నారు.

నేను ఒక దినపత్రికలో సబ్ ఎడిటర్ని. ఆయన వారం వారం రాసే కాలమ్ నా బల్ల మీదకే వచ్చేది. వచ్చేది అంటే, ఆయనే తెచ్చేవారు. ఈమెయిల్ చేయండి మాస్టారూ అని ఎన్నిసార్లు చెప్పినా సిటీ బస్సులో వచ్చి, మెట్లెక్కి, నా ఎదుట కూర్చుని, నేను చదువుతుంటే నా మొహంలోకి చూసేవారు. నా కనుబొమ్మ ఎక్కడ ముడిపడితే అక్కడ వేలు పెట్టి, “ఇక్కడ అర్థం కాలేదు కదా? ఇటివ్వు,” అని కాగితం లాక్కుని అక్కడికక్కడే తిరగరాసేవారు. మొదటి వ్యాసంలో ‘భూగోళ ఉష్ణోగ్రతా వృద్ధి’ అని రాసుకొచ్చారు.

“మాస్టారూ, ఇది చదివేసరికి పాఠకుడు పేపరు మొహం మీద కప్పుకుని పడుకుంటాడు,” అన్నాను.

“మరేమనాలి?”

“మీ ఇంట్లో ఏమంటారు?”

“మా ఆవిడ ‘ఈ ఏడు ఉక్క చంపేస్తోంది’ అంటుంది.”

ఆ వారం నుంచి ఆయన ఎక్కడ రాసినా, ఎక్కడ మాట్లాడినా ఉక్క అనే అన్నారు. ఉక్క ఎందుకు పెరుగుతోంది, ఉక్క పెరిగితే మబ్బు ఏం చేస్తుంది, మబ్బు అలా చేస్తే కృష్ణా జిల్లా రైతు ఏం చేయాలి. పెద్ద పెద్ద పదాలు ఆయనకి రాక కాదు. ఆయన అసలు ఫిజిక్స్ మనిషి. వయసులో ఉన్నప్పుడు ఎక్కడో ఉత్తరాదిన చీకటి గదిలో కూర్చుని పొగ మీద లేజర్ కిరణం వేసి, అది ఎంత చెదిరిపోతుందో, ఎంత వెనక్కి వస్తుందో చూస్తూ ఉండేవారట. ఆ పొగ వెంటబడి గదిలోంచి బయటికొచ్చి, మబ్బుల దాకా వెళ్ళి, మబ్బుల మీదుగా రుతుపవనాల్లోకి దిగి, చివరికి ఉద్యోగం ముగించుకుని బెజవాడలో తేలారు.

“పొగ మీద కాంతి వేస్తే ఎంతో కొంత వెనక్కొచ్చేదయ్యా,” అనేవారు. “బెజవాడ జనం మీద మాట వేస్తే మొత్తం పీల్చేసుకుంటారు. ఒక్క ముక్క తిరిగి రాదు.”

డెల్టాలో ఏ ఊరికి వెళ్ళినా ఆయన మొదటి ప్రశ్న ఒకటే. కుశలం అడగరు, పేరు అడగరు. గుమ్మంలో కనిపించిన ఆడమనిషిని, “ఏమ్మా, పప్పు ఉడుకుతోందా?” అని అడిగేవారు. భోజనానికి వచ్చాడేమో పాపం అనుకుని కొందరు విస్తరాకు కోసం లోపలికి వెళ్ళిన సందర్భాలు కూడా ఉన్నాయి. ఆయన అడిగేది వేరు. బోరు నీళ్ళు ఉప్పెక్కితే కందిపప్పు ఎంతసేపు పెట్టినా ఉడకదు, పలుకు పలుకుగానే ఉంటుంది. సముద్రం వైపు ఊళ్ళలో ముసలమ్మల్ని పట్టుకుని, “మీరు కాపరానికి వచ్చినప్పుడు ఉడికేదా? మీ కోడలు వచ్చేసరికి? ఇప్పుడో?” అని వరసగా అడిగేవారు. కాలవ నీళ్ళు తగ్గి, భూమి లోపల తియ్యనీళ్ళు తగ్గి, వాటి చోటులోకి సముద్రం ఎంత లోపలికి జరిగిందో ఆయనకి ఆ పప్పు చెప్పేది. యంత్రాలతో కూడా కొలిచేవారనుకోండి. కానీ ముందు పప్పు. మా ఆఫీసులో కుర్రాళ్ళు ఆయన మెట్లెక్కి రాగానే, “ఇక్కడ మీ పప్పులు ఉడకవు మాస్టారూ,” అని ఆటపట్టించేవారు. ఆయన అందరికంటే గట్టిగా నవ్వేవారు.

నిజంగానే ఉడకలేదు. ఆయన కాలమ్‌కి మా పత్రికలో చోటు ఎక్కడ దొరికిందో తెలుసా? స్థలాల ప్రకటనలు వేసే శనివారం పేజీలో. పైన ఆయన, ‘నీళ్ళు నడిచే దారిలో ఇల్లు కట్టకండి’ అని రాసేవారు. కింద ముప్పాతిక పేజీలో ఒక సినిమా నవ్వు నవ్వుతున్న కుటుంబం, వెనక పచ్చగడ్డి, ‘ఏటి గాలి తగిలే ఇల్లు మీ కల’ అని. ఆ పేజీ మార్చమని నేను అడగని పెద్దమనిషి లేడు. “ఆ పేజీ చదివేవాళ్ళే కదయ్యా స్థలాలు కొనేది, అక్కడుంటేనే మంచిది,” అని ఆయనే నన్ను ఊరుకోబెట్టేవారు. ఆ మంచితనం చూస్తే నాకు ఆయన మీద కూడా కోపం వచ్చేది.

ఇక శాలువా సంగతి.

మా వైపు ఒక మనిషిని మాట్లాడనివ్వకూడదు అనుకుంటే తిట్టరు. సన్మానం చేస్తారు. ముఖ్య అతిథి అని పిలుస్తారు. పూలగుత్తి ఇస్తారు, శాలువా కప్పుతారు, మెమెంటో చేతికిచ్చి ఫోటోకి నిలబెడతారు. మూడు సంఘాలవాళ్ళు మూడు శాలువాలు కప్పేసరికి సభ సమయం అయిపోతుంది. అప్పుడు వ్యాఖ్యాత, “సమయాభావం వల్ల మాస్టారు రెండు ముక్కల్లో తమ సందేశం ఇవ్వాలని కోరుతున్నాం,” అంటాడు. ఆ రెండు ముక్కల్లోనే మబ్బులు, సముద్రం, బొగ్గు, వరి, అన్నీ ఇమడాలి.

సన్మానం చేయించుకున్నవాళ్ళు ఫోటో కాగానే శాలువా తీసి, మడిచి, పక్కవాళ్ళకి ఇచ్చేస్తారు. అది పద్ధతి. మాస్టారు తీసేవారు కాదు. మెడ దాకా కప్పుకుని, అలాగే మైకు దగ్గరికి వచ్చేవారు. ఒకసారి ఎండాకాలంలో ఒక స్కూలు వార్షికోత్సవానికి నేనూ వెళ్ళాను. షామియానా కింద జనం బ్రోచర్లతో విసురుకుంటున్నారు. ఆయన రెండు శాలువాలు కప్పుకుని నిలబడ్డారు. నుదుటి మీంచి చెమట కారి కళ్ళజోడు మీద పడుతోంది.

“ఈ శాలువా వేడిగా ఉందా అమ్మా? ముట్టుకుని చూడండి. చల్లగానే ఉంది. మరి నాకెందుకీ చెమటలు? నా ఒంటి వేడిని ఇది బయటికి పోనివ్వట్లేదు కాబట్టి. మనం కాల్చిన బొగ్గు పొగ, పెట్రోలు పొగ భూమికి శాలువా. కప్పుతూనే ఉన్నాం. నాకు ఉక్కపోస్తే నేను తీసేసుకుంటాను. దానికి తీసేవాళ్ళెవరు?”

జనం పగలబడి నవ్వారు. చప్పట్లు కొట్టారు. ఆ నవ్వే ఆయన కొంప ముంచింది. అది ఊరంతా పాకి, పిలవడానికి వచ్చినవాళ్ళు, “మాస్టారూ, ఆ శాలువా ఐటం మాత్రం మర్చిపోవద్దండీ, పిల్లలు సరదా పడతారు,” అనడం మొదలుపెట్టారు. ఐటం! జీవితమంతా గాలినీ నీటినీ చదివిన మనిషి చివరికి సభల్లో మిమిక్రీకీ లక్కీ డ్రాకీ మధ్యన వచ్చే ఐటం అయ్యాడు.

“మానెయ్యండి మాస్టారూ. మిమ్మల్ని బఫూన్ని చేస్తున్నారు,” అని ఒకరోజు నేను కేకలేశాను.

“నాకు తెలియదనుకున్నావా?” అన్నారు కళ్ళజోడు తుడుచుకుంటూ. “నవ్వేటప్పుడైనా నోరు తెరుస్తారు కదయ్యా. ఆ సందులో ఒక ముక్క పడేద్దామని.”

ఆ ఆశతోనే వెంచర్‌వాళ్ళ సభకి కూడా వెళ్ళారు. మొదటి ఫేజు ప్రారంభం, మొక్కలు నాటే కార్యక్రమం. ఆ నేల బుడమేరు పక్కన పల్లం. మట్టి తోలి ఎత్తు చేసి, రోడ్లు వేసి, రాళ్ళు పాతి, అది పల్లమన్న జాడ లేకుండా చేశారు. బుడమేరు అక్కడ మామూలు రోజుల్లో మురిక్కాలవలా ఉంటుంది, దాన్ని చూసి భయపడేవాడు ఎవడూ ఉండడు. కానీ అది మైలవరం కొండల మీద పడిన వానంతా మోసుకుని వచ్చే దారి. “మైలవరంలో వాన పడితే బెజవాడలో నువ్వు గొడుగు తీసుకోవాలి,” అని ఆయన ఎప్పుడూ అనే మాట. దానికి తోడు, ఇప్పటి వాన పాత వాన కాదనేవారు. వేడెక్కిన గాలి పెద్ద బిందె, నీళ్ళు ఎక్కువ పడతాయి, అన్నీ మోసుకొచ్చి ఒక్కచోట కుమ్మరిస్తుంది అనేవారు.

“వెళ్ళొద్దు,” అన్నాను.

“స్థలం కొనేవాళ్ళందరూ అక్కడే ఉంటారు. నా కాలమ్ చదవనివాళ్ళంతా ఒకే చోట. ఇంతకన్నా మంచి సభ నాకు మళ్ళీ దొరుకుతుందా?” అన్నారు.

నేనూ వెంట వెళ్ళాను. మొక్క నాటించారు. శాలువా కప్పారు. యజమాని ఆయన భుజం మీద చెయ్యి వేసి ఫోటో దిగాడు. శాలువా ఐటం చెయ్యమన్నారు, చేశారు. జనం నవ్వారు. ఆ నవ్వు ఆగకముందే ఆయన చెయ్యి చాపి నేల చూపించి, “ఇప్పుడు మీరు నిలబడ్డ ఈ చోటే నీళ్ళు...” అన్నారు. అంతే. మైకు మూగబోయింది. ఆయన పెదాలు కదులుతున్నాయి, చెయ్యి ఊగుతోంది, మాట మాత్రం వినపడటం లేదు. వ్యాఖ్యాత రెండో మైకు పట్టుకుని, “మాస్టారు గారికి ఇంకోసారి గట్టిగా చప్పట్లు!” అన్నాడు. బ్యాండువాళ్ళు అందుకున్నారు. నేను వేదిక వెనక్కి పరిగెత్తి మైకు మనిషి కాలర్ పట్టుకున్నాను. “నన్నేం చెయ్యమంటారండీ, ఆపమన్నారు, ఆపా,” అన్నాడు వాడు. వాణ్ణి ఏం చేసి ఏం లాభం.

వారం తిరక్కుండా ఊరంతా ఫ్లెక్సీలు వెలిశాయి. శాలువా కప్పుకున్న మాస్టారు, పక్కన యజమాని, ‘ప్రముఖ వాతావరణ శాస్త్రవేత్త ఆశీస్సులతో’ అని. ఆయన వాళ్ళ ఆఫీసుకి వెళ్ళి ఫోటో తీసెయ్యమని అడిగారు. కూర్చోబెట్టి కాఫీ ఇచ్చి, తప్పకుండా అండీ అన్నారు. తియ్యలేదు. ఆ నేల గురించి కాలమ్ రాసుకొచ్చారు. ‘స్థలాభావం వల్ల’ అని అది వెనక్కొచ్చింది. స్థలాభావం! స్థలాలు అమ్ముకునే పేజీలో! నేను మా పత్రిక ప్రకటనల మేనేజర్ గదిలోకి వెళ్ళి అరిచిన అరుపులకి కింద ప్రెస్సువాళ్ళు కూడా పైకొచ్చారు. కాలమ్ మాత్రం పడలేదు.

అప్పుడాయన చేసిన పని తలుచుకుంటే నాకు నవ్వూ ఏడుపూ ఒకేసారి వస్తాయి. ఒక ఉదయం నాకు ఫోన్ చేసి ఆటోనగర్ గేటు దగ్గరికి రమ్మన్నారు. అక్కడ పెద్ద ఫ్లెక్సీ ఉంది. ఆయన ఒక నిచ్చెన సంపాదించి, చంకలో శాలువా పెట్టుకుని నిలబడి ఉన్నారు.

“పట్టుకో,” అన్నారు.

“ఈ వయసులో ఏంటి మాస్టారూ ఇది?”

“పట్టుకోవయ్యా, మాట్లాడకుండా.”

నిచ్చెనెక్కి, ఆ శాలువాని ఫ్లెక్సీలో తన మొహం మీద కప్పి, రెండు వైపులా బైండింగ్ వైరుతో కట్టారు. దిగి, దూరం నుంచి చూసుకుని, తృప్తిగా తలూపారు. ఆయన మొహం కనపడకపోతే ఆయన మాట నమ్మి ఎవరూ కొనరని ఆయన లెక్క. అంతలో స్కూటర్ మీద పోతున్న పెద్దమనిషి ఒకాయన బండి ఆపి, “ఎవరికండీ సన్మానం?” అని అడిగాడు.

మాస్టారు ఆ మనిషి వైపు చూశారు. ఆ రోజు టీ కూడా తాగకుండా బస్సెక్కి వెళ్ళిపోయారు. మర్నాటికి శాలువా లేదు, ఫోటో ఉంది.

తర్వాత వరద వచ్చింది. అందరూ టీవీల్లో చూసిన వరదే, నేను వర్ణించను. నీళ్ళు తీసిన రోజు ఆయన ఆ కాలనీకి బయల్దేరితే నేనూ వెళ్ళాను. మోకాలి లోతు బురద. మొదటి వీధిలో పద్మ అనే ఆవిడ ఇల్లు. బట్టలు కుడుతుంది, భర్త ఆటోనగర్‌లో లారీ బాడీలు కట్టే షెడ్డులో వెల్డరు. ఇద్దరూ కష్టపడి ఆ ఇల్లు కట్టుకున్నారు. కుట్టుమిషను బురదలో పక్కకి పడి ఉంది. మాస్టారిని చూడగానే ఆవిడ చేతిలో చీపురు కింద పడేసింది.

“మీ ఫోటో చూసే కొన్నామండీ,” అంది. అరవలేదు. అరిచినా బాగుండేది. “ఇంత చదువుకున్న పెద్దమనిషి వచ్చి మొక్క నాటాడంటే మంచి చోటే అనుకున్నాం. మీరన్నా ఒక మాట చెప్పొద్దాండీ?”

“చెప్పబోయారమ్మా, మైకు ఆపేశారు,” అని నేను అందుకోబోయాను. ఆయన నా చెయ్యి గట్టిగా పట్టుకుని ఆపారు.

“చెప్పాలనే వచ్చానమ్మా,” అన్నారు. “కానీ ముందు వాళ్ళ చేత శాలువా కప్పించుకున్నాను. అక్కడే తప్పు జరిగింది. కప్పించుకున్నాక చెప్పే మాటకి విలువుండదు.”

తర్వాత మెట్ల మీద కూర్చున్నారు. పప్పు ఉడుకుతోందా అని అడగలేదు. “పొయ్యి వెలిగించారా?” అని అడిగారు. పద్మ లేదంది.

ఆ సాయంత్రమే ఆయన భార్య ఆటోలో వచ్చారు. బీరువాలో ఏళ్ళ తరబడి పేరుకుపోయిన శాలువాలన్నీ మూటలు కట్టి తెచ్చారు. తడిసిన పిల్లలకి, ముసలివాళ్ళకి ఒక్కొక్కటీ పంచారు. మర్నాడు ఆ కాలనీ దండేల మీద జరీ అంచుల శాలువాలు వరసగా ఆరుతున్నాయి. అన్ని సన్మానాలకీ మొదటిసారి ఒక అర్థం వచ్చిందని ఆవిడ అన్నారు. ఆ తర్వాత మాస్టారు ఏ సభకీ వెళ్ళలేదు, ఒంటి మీద శాలువా పడనివ్వలేదు. పిలవడానికి వచ్చినవాళ్ళని గుమ్మంలోంచే పంపేసేవారు. ‘మాస్టారికి పొగరెక్కింది’ అన్నారు జనం. బఫూన్‌గా ఉన్నన్నాళ్ళూ ముద్దొచ్చిన మనిషి నోరు మూసుకోగానే పొగరుబోతు అయిపోయాడు.

ఆయన నోరు మూసుకోలేదు, మాట్లాడే చోటు మార్చుకున్నారు. ప్రతి ఆదివారం ఆ కాలనీకి వెళ్ళి పద్మ ఇంటి అరుగు మీద కూర్చునేవారు. మైలవరం బస్టాండు దగ్గర టీకొట్టు నడిపే ఆయనతో మాట్లాడి ఒక ఏర్పాటు చేశారు. అక్కడ కొండల మీద వాన గట్టిగా పట్టిందంటే టీకొట్టాయన పద్మకి ఫోన్ చేస్తాడు. పద్మ తన వీధిలో ఒకరికి, వాళ్ళు పక్క వీధిలో ఒకరికి, అలా కాలనీ అంతటికీ క్షణాల్లో కబురు పోతుంది. కబురు రాగానే బియ్యం, కాగితాలు, మిషను మేడెక్కాలి. ముసలివాళ్ళు మేడెక్కాలి. బండ్లు వంతెన మీదకి పోవాలి. నీళ్ళు రావచ్చు, రాకపోవచ్చు. రాకపోతే మళ్ళీ దించుకుంటారు. “ఇంత చదివి చివరికి టీకొట్టూ ఫోనూనా మాస్టారూ?” అని ఎవరో వెక్కిరిస్తే, “ఇంత చదివింది ఆ ఫోను ఎప్పుడు చెయ్యాలో చెప్పడానికేనయ్యా,” అన్నారట.

ఈ వానాకాలంలోనే, ఒక ఆదివారం ఆ అరుగు మీద నుంచి లేవబోయి ఆయన కూలబడిపోయారు. ఆస్పత్రికి చేరేలోపే అయిపోయింది.

ఇప్పుడు మళ్ళీ ఆ ఏసీ హాలుకి వస్తాను.

గేటు మీద బంగారు అక్షరాల ప్రకటన అయ్యాక, “ఇప్పుడు మాస్టారి సతీమణి గారికి చిరు సత్కారం,” అన్నాడు వ్యాఖ్యాత. భర్త పోయిన మనిషికి సత్కారం! ఆవిడ మెల్లగా వేదికెక్కారు. యజమాని శాలువా విప్పి కప్పబోతే, చెయ్యి అడ్డం పెట్టి ఆపారు. ఫోటో దగ్గరికి వెళ్ళి, దాని మీదున్న శాలువా తీసి, మడతపెట్టి బల్ల మీద ఉంచారు. తర్వాత మైకు దగ్గరికి వచ్చారు.

“ఆయనకి ఉక్కపోస్తుంది,” అన్నారు. “శాలువాలన్నీ మీరమ్మిన ఇళ్ళల్లో మునిగినవాళ్ళకి ఇచ్చేశాం. ఇది కూడా వాళ్ళకే ఇవ్వండి. ఇక ఆయన పేరంటారా, బాబూ, అది మీకివ్వను. ఆ నేల మీద ఆయన పేరు...”

మైకు మూగబోయింది. అదే పని, అదే తీరు. ఆవిడ పెదాలు కదులుతున్నాయి. “అమ్మగారు భావోద్వేగానికి లోనయ్యారు, అర్థం చేసుకుందాం,” అన్నాడు వ్యాఖ్యాత రెండో మైకులో. నేను కుర్చీ తన్ని లేచాను. ఈసారి ఎవరి కాలర్ పట్టుకునేవాణ్ణో నాకే తెలియదు. అంతలో హాలు చివర్లో ఒక ఫోను మోగింది.

పద్మ ఫోను. ఆవిడ చెవికి పెట్టుకుని, ‘ఆ, ఆ, ఎప్పట్నుంచి?’ అని రెండు ముక్కలు మాట్లాడి పెట్టేసి, ఇంకెవరికో చేసింది. పక్క వరసలో మరో ఫోను మోగింది. దాని వెనక ఇంకొకటి. చివరి రెండు వరసలూ ఒక్కసారిగా లేచాయి. ఆడవాళ్ళు చెప్పులు వెతుక్కుంటున్నారు, మగవాళ్ళు బండి తాళాలు తీస్తున్నారు. ఎవరూ అరవలేదు, ఎవరూ తోసుకోలేదు. ఎన్నోసార్లు చేసిన పనిలాగే ఉంది.

“అమ్మగారూ,” అని పద్మ అక్కడి నుంచే గొంతెత్తి పిలిచింది. “మైలవరంలో వాన గట్టిగా పట్టిందంట. మేం పోవాలండీ.”

“వెళ్ళండమ్మా, వెళ్ళండి. ముందు వెళ్ళండి,” అన్నారావిడ. మైకు లేకపోయినా హాలంతా వినపడింది. ఆవిడ కూడా వేదిక దిగి వాళ్ళ వెనకాలే నడిచారు.

యజమానికి ఏం జరుగుతోందో అర్థం కాలేదు. “ఏంటండీ, ఎక్కడికెళ్తున్నారు? భోజనాలున్నాయి, కూర్చోండి!” అన్నాడు మైకులో. ఇప్పుడు మైకు చక్కగా పనిచేస్తోంది.

పద్మ భర్త గుమ్మం దగ్గర ఆగి వెనక్కి తిరిగాడు. “మీరమ్మిన ఇళ్ళకేనండీ,” అన్నాడు. “సామాన్లు మేడెక్కించుకోవాలి.”

నేనూ వాళ్ళ వెంట బయటికి వచ్చాను. బ్రోచర్ల బల్ల దగ్గర మేనేజరు ఎదురుగా ఒక జంట కూర్చుని ఉంది. ముప్ఫై ఏళ్ళలోపు వాళ్ళు. అతని చేతిలో పెన్ను ఉంది. బ్రోచర్ మొదటి పేజీలో మాస్టారు, భుజాల మీద ఆనాటి శాలువా. తమ పక్కనుంచి గబగబా మెట్లు దిగిపోతున్న జనాన్ని ఆ అమ్మాయి వింతగా చూస్తోంది. ఉండబట్టలేక పద్మని ఆపింది.

“ఏంటక్కా, మైలవరంలో వాన పడితే మీకేంటి?”

ఎన్ని స్కూళ్ళు, ఎన్ని షామియానాలు, ఎన్ని శాలువాలు. ఆయన బతికుండగా ఆ ప్రశ్న ఒక్కరూ అడగలేదు. ఈ ఒక్క ప్రశ్న వినడానికైనా ఇంకో నెల ఉంచలేకపోయాడా ఆ దేవుడు అని ఆ మెట్ల మీదే తిట్టుకున్నాను.

పద్మకి నిలబడే టైము లేదు. ఇంట్లో కుట్టుమిషను ఇంకా కిందే ఉంది.

“రా, దిగుతూ చెప్తా,” అని ఆ అమ్మాయి చెయ్యి పట్టుకుంది. ఆ అమ్మాయి లేచింది. పెన్ను బల్ల మీద పెట్టేసి భర్త కూడా వెనకాలే దిగాడు.